ఉప్పు ఎక్కడికీ పోదు

"మీ తెలుగు భలే ఉందండీ! వింటే ముస్లింలని ఎవరూ అనుకోరు."

ఈ మెచ్చుకోలు మేం ఇరవై ఏళ్ళుగా వింటున్నాం. ప్రెస్‌మీట్లలో, బస్సుల్లో, పెళ్ళి విందుల్లో. అన్నవాళ్ళ మనసులో చెడు ఉండదు, నవ్వుతూనే అంటారు. మేమూ నవ్వుతూనే వింటాం. ఇంటికొచ్చాక మాత్రం గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. మేం పుట్టింది సారపాకలో. అక్షరాలు దిద్దింది తెలుగు మీడియం సర్కారు బడిలో. బి.ఏ. చదివింది తెలుగులో. తింటున్న తిండి తెలుగులో వార్తలు రాసి సంపాదించుకున్నది. పుట్టిన ఊళ్ళో ఆ ఊరి భాష మాట్లాడినందుకు ఎవరినైనా మెచ్చుకుంటారా? పరాయివాడినే మెచ్చుకుంటారు.

ఇంకో పక్క కూడా చెప్పాలి. హైదరాబాదులో చుట్టాలింట షాదీకి వెళ్తే దస్తర్‌ఖాన్ దగ్గర ఒక పెద్దాయన "తుమారీ ఉర్దూ మే తెలుగు కీ బూ ఆతీ మియాఁ" అన్నాడు. మా ఉర్దూ తెలుగు వాసన వేస్తోందట. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇక్కడేమో ఉర్దూవాళ్ళం, అక్కడేమో తెలుగువాళ్ళం. రెండు చోట్లా మా నోరు మాది కాదు.

ఉర్దూలో ఒక్కడే ఉన్నా 'హమ్' అని చెప్పుకోవడం ఉంది. మేమూ 'మేం' అనే రాస్తున్నాం. పైగా ఇందులో చెప్పే పని ఒక్కరు చేసింది కాదు. మా అమ్మీ, మా ఇంటావిడ, మా అమ్మాయి, అందరి చేతులూ అందులో తడిశాయి. ఆ పని ఉప్పునీళ్ళ చేపల తొట్టి పెంచడం. ముస్లింల అస్తిత్వం గురించి రాయమంటే చేపల గురించి రాస్తారేమిటని మీరనొచ్చు. అస్తిత్వం గురించి సభల్లో విన్నదానికన్నా ఆ తొట్టి దగ్గర మేం నేర్చుకున్నదే ఎక్కువ.

సారపాక సముద్రపు ఊరు కాదు. ఒక పక్క గోదావరి, ఒక పక్క అడవి, నడుమ కాగితం మిల్లు. 1965లో తెరిచిన వంతెన దాటితే భద్రాచలం. మా తాత తునికాకు కళ్ళంలో మున్షీ. నిజాం జమానాలో ఉర్దూలో లెక్కలు రాసిన మనిషి. మా అబ్బా లారీ మెకానిక్. మేం విలేకరులం. కాలం సెంటీమీటర్ల లెక్కన డబ్బులొచ్చే రకం విలేకరులం. అలాంటి ఇంట్లోకి సముద్రం ఎందుకొచ్చిందంటే, 2020 లాక్‌డౌన్‌లో ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి టీవీలో 'ఫైండింగ్ నీమో' చూసింది. తెల్ల పట్టీల నారింజ చేప కావాలంది. అది మంచినీళ్ళలో బతకదన్నాం. "అయితే ఉప్పునీళ్ళే పెడదాం అబ్బా" అంది. పిల్లకు బడి లేదు, మాకు పనిలేదు. సరేనన్నాం.

డబ్బున్నవాళ్ళు ఈ పని కొట్లో అన్నీ కొనేసి చేస్తారు. మేం ఒక్కొక్కటీ వెదుక్కున్నాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గాజు తొట్టిని అద్దాల కొట్టాయన 1,200కి అతికించి ఇచ్చాడు. రాళ్ళు పెట్టాక అందులో పట్టేవి 50 లీటర్లు. నీళ్ళు తిప్పే చిన్న మోటారు 450, లైటు 900. ఉప్పు మాత్రం కొనక తప్పలేదు. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రంలో ఉప్పొక్కటే కాదు, కాల్షియం, మెగ్నీషియం వంటివెన్నో ఉంటాయి. అవన్నీ కలిపి అక్వేరియంల కోసం అమ్మే ఉప్పు లీటరుకు 35 గ్రాముల పైచిలుకు పడుతుంది. నల్లా నీళ్ళు పోయకూడదు. అందులోని క్లోరిన్, పైపుల నుంచి దిగే రాగి నత్తలనూ పగడాలనూ చంపేస్తాయి. వీధి చివర ఆర్వో ప్లాంటులో 20 లీటర్ల క్యాన్లు తెచ్చుకున్నాం. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ను భీమవరంలో ఉండే పాత్రికేయ మిత్రుడు పంపాడు. అక్కడి రొయ్యల చెరువుల రైతులు వాడేది అదే. ఆక్వా మందుల కొట్లో దొరుకుతుంది.

మొదటి రోజు బకెట్లో ఉప్పు కలుపుతుంటే మా అమ్మీ గుమ్మంలో నిలబడి చూసింది. "ఇత్తా నమక్ కైకు రే బేటా?" అంది. ఇంత ఉప్పెందుకురా అని. చేపలకన్నాం. ఆమె నమ్మలేదు.

ఇక రాళ్ళు. పగడపు దిబ్బల్లాంటి తొట్టి కావాలంటే సముద్రపు రాళ్ళు వెయ్యాలంటారు. ఆ రాళ్ళు చాలావరకు చచ్చిన పగడాలే. అడవి అంచున బతికే మాకు వన్యప్రాణి చట్టం కొత్తది కాదు. రాతి పగడాలన్నింటినీ 2001లో ఆ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికున్న రక్షణే వాటికీ ఉంది. అందుకని మేం సొంతంగా రాళ్ళు చేసుకున్నాం. తెల్ల సిమెంటు, కోళ్ళ దాణా కొట్లో దొరికే పెంకుల రవ్వ, గళ్ళుప్పు కలిపి ముద్దలు చేసి ఎండబెట్టాం. తర్వాత రెండు నెలలు నీళ్ళలో నానబెట్టి, సిమెంటు ఘాటు పోయేదాకా నీళ్ళు మార్చాం. గళ్ళుప్పు కరిగిపోయి రాయి నిండా బొరియలు పడ్డాయి. జీవమంతా ఆ బొరియల్లోనే కాపురం పెడుతుంది.

ఆ తర్వాత తొట్టిలో నీళ్ళూ రాళ్ళూ తప్ప ఏమీ లేకుండా ఇంకో నెలన్నర. వీధిలోవాళ్ళు వచ్చి చూసి నవ్విపోయారు. కంటికి కనిపించకపోయినా అసలు పని అప్పుడే జరుగుతుంది. ఏదైనా కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది, అది చేపకు విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. దాన్ని చేప కొంతవరకు ఓర్చుకుంటుంది. వారానికి ఐదు లీటర్లు తీసి కొత్త ఉప్పునీళ్ళు పోస్తే సరిపోతుంది. ఈ రెండు రకాలూ రాళ్ళలో స్థిరపడాలి. మేం చిన్న రొయ్య ముక్క వేసి, టెస్ట్ కిట్టు రంగు చూస్తూ కూర్చున్నాం. ఊరంటే ఇలాగే ఏర్పడుతుంది కాబోలనుకున్నాం. కనిపించని చేతులు ముందొచ్చి, ఒకరి విషాన్ని ఒకరు విరిచి, ఆ తర్వాతే బతుకు.

2021లో చేపలొచ్చాయి. నారింజ రంగు క్లౌన్ చేపలు రెండు, జత 1,400. సముద్రంలో పట్టినవి వద్దని, పెంపకంలో పుట్టినవే అడిగాం. క్లౌన్ చేపలను తొట్టెల్లో పుట్టించి పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలే తమిళనాడులోని మండపం కేంద్రంలో సాధించారు. అంటే మా ఇంటికొచ్చిన సముద్రపు చేప ఏనాడూ సముద్రం చూడలేదు. చూడ్డానికొచ్చినవాళ్ళు "ఏ సముద్రంలోదండీ?" అనడిగితే ఏం చెప్పాలో మాకు తోచేది కాదు. అరబ్బు దేశం మొహం చూడని మమ్మల్ని 'అక్కడికి పొండి' అన్నవాళ్ళు గుర్తొచ్చేవారు. హైదరాబాదు మిత్రుడొకాయన తన తొట్టిలో పెరిగి రెండుగా చీలిన మెత్తటి పుట్టగొడుగు పగడాన్ని ఊరికే ఇచ్చాడు. అది రాతి పగడం కాదు. ఎర్రటి రూపాయి బిళ్ళంత ఉంటుంది, లైటు వేస్తే విచ్చుకుంటుంది. నాలుగు నత్తలు కొన్నాం. అక్కడితో మా బడ్జెట్టు అయిపోయింది.

అసలు తప్పు అప్పుడే చేశాం. రోజూ తొట్టిలో నీళ్ళు తగ్గేవి. మా ఊరి ఎండకు సముద్రపు ప్రాణులు తట్టుకోవు, వాటికి నీళ్ళు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లబరిచే యంత్రం మా స్తోమత కాదు. అందుకని నీళ్ళ మీదికి చిన్న ఫ్యాను పెట్టాం. ఫ్యాను గాలికి రోజుకు ముప్పావు లీటరు ఆవిరయ్యేది. తగ్గినంత మేరా మేం ఉప్పునీళ్ళు కలిపి పోశాం. ఉప్పునీళ్ళ తొట్టిలో ఉప్పునీళ్ళే కదా పొయ్యాలి! రెండు వారాలకు నత్తలు ఒక్కొక్కటీ పడిపోయాయి. పగడం ముడుచుకుని బఠాణీ గింజంత అయింది. కొలిచి చూస్తే లీటరుకు 35 గ్రాములుండాల్సిన ఉప్పు 42కి చేరింది. భీమవరం మిత్రుడికి ఫోను చేస్తే, "ఆవిరయ్యేది నీళ్ళేనయ్యా, ఉప్పు ఎక్కడికి పోతుంది? దానికి మంచినీళ్ళు పోయాలి" అన్నాడు.

చిన్న పిల్లలకు తెలిసిన సంగతి. ఉప్పు మళ్ళలో ఎండకు నీళ్ళు పోతేనే కదా ఉప్పు మిగిలేది! మాకెందుకు తట్టలేదు? తట్టలేదంటే మా బుర్రలో ముందే ఒక భయం ఉంది. మా ఉప్పు తగ్గిపోతోందన్న భయం. హైదరాబాదు పెద్దాయన నవ్వినప్పటి నుంచీ మేం ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లను కసిరేవాళ్ళం. "ఉర్దూ మే బోలో" అనేవాళ్ళం. దాంతో పిల్ల మాతో రెండు భాషల్లోనూ మాట్లాడ్డం తగ్గించింది. తొట్టిలో పగడం ముడుచుకున్నట్టే.

ఉప్పు ఒక్కసారిగా తగ్గించకూడదట, ఆ దెబ్బకూ ప్రాణులు చస్తాయట. రోజుకు కాస్త ఉప్పునీరు తీసి కాస్త మంచినీరు పోస్తూ వారం పట్టింది 35కి రావడానికి. పగడం మళ్ళీ విచ్చుకున్న రోజు అమ్మాయి గాజు మీద మార్కరుతో గీత గీసింది. నీళ్ళు గీత కిందికి దిగితే చెంబెడు మంచినీళ్ళు పోయడం. అంతే. కసరడం కూడా ఆ వారమే మానేశాం.

ఉప్పుతో మాకు పాత లెక్కలున్నాయి. 'నమక్ హరామ్' అనే మాట మా మీద ఎన్నిసార్లు పడిందో! క్రికెట్ మ్యాచి ఓడినా పడుతుంది, ఎక్కడో బాంబు పేలినా పడుతుంది. తెలుగులోనూ 'ఉప్పు తిన్న విశ్వాసం' అంటారు. రెండు భాషల్లోనూ ఉప్పు విశ్వాసానికే గుర్తు. మేం అడిగేదొకటే. తరతరాలుగా ఈ నేల ఉప్పు మా ఒంట్లో ఉంది. అది రోజూ ఆవిరైపోతున్నట్టు, రోజూ కొలిచి చూపించమన్నట్టు అడుగుతారెందుకు? మాకు కావాల్సింది ఉప్పు పరీక్ష కాదు, చెంబెడు మంచినీళ్ళు. అద్దెకిల్లు, బ్యాంకు అప్పు, పిల్లకు బడిలో మామూలు పలకరింపు, పత్రికలో రంజాను హలీం కథనాలు కాకుండా బడ్జెట్టు మీద కూడా రాయనిచ్చే డెస్కు. ఇవి మంచినీళ్ళు. ఇవి తగ్గినప్పుడే మా ఉప్పు ఎక్కువైనట్టు కనపడుతుంది. ఉప్పు అంతే ఉంది. చుట్టూ నీళ్ళు తగ్గాయి.

అలాగే మావాళ్ళతోనూ ఒక మాట. ఊళ్ళో నీళ్ళు తగ్గాయని కోపంతో ఇంకా ఉప్పు పోసుకోమనేవాళ్ళున్నారు. అమ్మీ మెడలో నల్లపూసల లచ్చా చూసి 'ఇది మనది కాదు' అన్నవాళ్ళున్నారు. మా తొట్టిలో నత్తలు చచ్చింది అలాంటి ఉప్పుతోనే.

మా ప్రాంతంలో 'ఎక్కడివాళ్ళు' అనే ప్రశ్నకు ఎవరూ సులువుగా జవాబు చెప్పలేరు. గోదావరికి ఇవతల మేం నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు అవతల భద్రాచలం ఇంగ్లీషువాళ్ళ కింద ఉండేది. 1959లో గానీ అది ఖమ్మం జిల్లాలో కలవలేదు. 2014లో పోలవరం ముంపు పేరుతో మా బూర్గంపాడు మండలంలో కొన్ని ఊళ్ళు ఆంధ్రకు పోయాయి. ఆ ఊళ్ళవాళ్ళు ఒక్కడుగు కదలకుండానే రాష్ట్రం మారిపోయారు. వాళ్ళనెవరూ పరాయివాళ్ళనలేదు, అనకూడదు కూడా. ఏటా శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున రాములవారికి వచ్చే ముత్యాల తలంబ్రాలు తానీషా కాలం నాటి ఆనవాయితీ అని భద్రాచలంలో చెప్పుకుంటారు. ముత్యాలంటే సముద్రమే. ఉప్పునీళ్ళు ఈ అడవికి మా అమ్మాయితోనే రాలేదన్నమాట.

అయినా పగడాలు మాత్రం గోదావరి ఉన్నచోట పెరగవు. వాటికి తేట నీళ్ళు కావాలి, నిండుగా ఉప్పు కావాలి. గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరూ మట్టీ కలిసే మన తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేవు. మన దేశంలో అవి ముఖ్యంగా మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్లలోనే ఉన్నాయి. వాటికీ ఇప్పుడు ఎండ దెబ్బ తగులుతోంది. పగడం ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. పగడానికి తిండిలో ఎక్కువ భాగం, రంగు చాలావరకు ఆ నాచు పెట్టినవే. నీళ్ళు మరీ వేడెక్కితే పగడం ఆ నాచును బయటికి వెళ్ళగొడుతుంది. తర్వాత తనే తెల్లబడి ఆకలితో చస్తుంది. లక్షద్వీప్‌లో 1998లో, 2010లో, 2016లో, 2024లో ఇదే జరిగింది. ఇది చదివి వినిపించి అమ్మాయి మా మొహం చూసింది. మేమేమీ అనలేదు. మే నెలలో మా ఊళ్ళో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. నీళ్ళ సీసాలు ఫ్రిజ్‌లో గడ్డకట్టించి గంటకొకటి తొట్టిలో తేల్చడమే మాకు తెలిసిన మందు.

2022 జులైలో గోదావరి వచ్చింది. 10న బక్రీదు చేసుకున్నాం. నాలుగు రోజులకల్లా వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 16న భద్రాచలం దగ్గర 71.3 అడుగులకెక్కింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీళ్ళు రాలేదు. ఆ 1986 వరదలోనే మా అబ్బా కాగితాలన్నీ పోయాయి. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక, దాని వెనక పౌర పట్టిక కూడా వస్తుందన్నారు. కాగితం తయారయ్యే ఊళ్ళో ఉండి ఒక్క పాత కాగితం కోసం 2020 జనవరి అంతా పెట్టెలు తిరగేశాం. అందుకే ఈసారి ఇల్లు వదిలేటప్పుడు మా ఇంటావిడ ముందు కాగితాల సంచి చంకన పెట్టుకుంది. అమ్మాయి బకెట్ పట్టుకుంది. అందులో రెండు చేపలు, ఒక రాయి, రాయికి అంటుకుని పగడం.

ఎదురింటి పెద్దమ్మవాళ్ళది మేడ. పైకి రమ్మన్నారు. ఆ పెద్దమ్మ మా ఇంట్లో ఏనాడూ మంచినీళ్ళు తాగలేదు. ఈదుకు షీర్ ఖుర్మా వద్దని పచ్చి సేమ్యాలూ పంచదారా తీసుకునే మనిషి. కరెంటు లేదు. బకెట్లో నీళ్ళు కదలకపోతే చేపలకు ఊపిరాడదు. చెంబుతో నీళ్ళు తీసి పైనుంచి పోస్తూ ఉండాలి, రాత్రంతా. వంతులేసుకున్నాం. రెండో రోజు తాగేనీళ్ళు కొరతయ్యాయి. బకెట్లో నీళ్ళు తగ్గాయని అమ్మాయి తన వంతు గ్లాసు అందులో పోసింది. ఆ మేడ మీదే ఉన్న ఒకాయన "మనుషులకే దిక్కులేదు, చేపలకా?" అన్నాడు. ఆయనన్నది తప్పు కాదు. మాకు సిగ్గేసింది. అమ్మాయి ఏడవలేదు, చెంబు ఆపలేదు.

ఆ తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే బకెట్ పక్కన పెద్దమ్మ కూర్చునుంది. చెంబు ఆమె చేతిలో ఉంది. "నాకెలాగూ నిద్రపట్టదు, పిల్లను పడుకోమన్నా" అంది. అప్పటికే ఒక చేప చచ్చిపోయి ఉంది. రెండోది బతికింది.

నీళ్ళు తీశాక చూస్తే ఇంట్లో కిటికీ దాకా ఒండ్రు. తొట్టి నిండా గోదావరి మట్టి. కడిగి మళ్ళీ నింపాం. అయితే ఈసారి నెలన్నర ఆగక్కర్లేకపోయింది. బకెట్లో దాచిన రాయిలో ఆ బాక్టీరియా బతికే ఉంది. ఒక్క రాయి మోయగలిగినంతే కాబట్టి చేపకు మేత తగ్గించి, రోజూ పరీక్ష చేస్తూ నడిపాం. చిన్న రాయి మొత్తం తొట్టిని మళ్ళీ నిలబెట్టింది.

వరద వల్ల లోకం మారిపోయిందని మేం రాయలేం. మరుసటి రంజానుకు పెద్దమ్మ పచ్చి సేమ్యాలే తీసుకుంది. అయితే గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, నీ చేపకు నీళ్ళు పోశావా?" అనడిగింది. ఇప్పుడు అమ్మాయి ఖమ్మంలో డిగ్రీ చదువుతోంది. ఫోనులో సగం ఉర్దూ, సగం తెలుగు మాట్లాడుతుంది. మేం సరిచెయ్యం. పొద్దున లేవగానే ఆమె గీసిన గీత చూస్తాం. నీళ్ళు కిందికి దిగితే చెంబెడు మంచినీళ్ళు పోస్తాం.

ఉప్పు వెయ్యం. అది ఎక్కడికీ పోలేదు.